బీపీ చూడటానికి చేతికి పట్టీ కడుతున్నారు, నోరు కూడా చూడండి

జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి గారికి నమస్కారాలు.

మా అమ్మ పొద్దున్నే పళ్లు తోముకుని ఉమ్మితే నీళ్లతో పాటు నెత్తురు పడేది. వయసు మీద పడిందిలే అని ఏళ్ల తరబడి ఊరుకుంది. నెలనెలా ఆసుపత్రికి వెళ్లి, చెయ్యి చాపి బీపీ చూపించుకునేది. నోరు తెరవమని ఒక్కరూ అడగలేదు.

2021లో యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు తీవ్రమైన చిగుళ్ల వ్యాధి ఉన్న 250 మందిని, లేని 250 మందిని పోల్చి చూశారు. బీపీ పై అంకె 140 లేదా అంతకు మించి ఉన్నవారు మొదటి వర్గంలో 14 శాతం, రెండో వర్గంలో 7 శాతం. చిగుళ్ల వ్యాధే రక్తపోటుకు కారణమని దీంతో తేలిపోలేదు, ఒప్పుకుంటాను. కానీ ఇంత తేడా కనిపిస్తుంటే ఊరుకోవడం ఎలా? పైగా బీపీకి ఇచ్చే ఆమ్లోడిపిన్ వల్ల కొందరికి చిగుళ్లు ఉబ్బుతాయి. మాత్రలు చేతిలో పెట్టేటప్పుడు ఆ ముక్క చెప్పాలి కదా!

30 ఏళ్లు దాటినవారికి నోటి క్యాన్సర్ పరీక్ష ఎలాగూ ఉంది. అప్పుడే చిగుళ్లూ చూసి, నెత్తురు వస్తోందా అని అడిగేలా ఆదేశాలివ్వండి. అవసరమైనవారికి చీటీ రాసి దంతవైద్యుల దగ్గరకు పంపించండి. మాత్రలు మాత్రం ఎవరూ మానకూడదు.

ఇట్లు,
ఒక రక్తపోటు రోగి కుమార్తె