పాలిష్ పట్టేవాడి మాట కూడా వెయ్యండి

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ పేపర్లో ఒక సార్ రాశారు, జీవితానికి అర్థం కళలో దొరుకుతుంది, ఒళ్లొంచి చేసే పనంతా పొట్టకూటికేనని. బాగానే రాశారు. కానీ నేను చీమకుర్తిలో పద్దెనిమిదేళ్లుగా గ్రానైట్ పాలిష్ మిషను మీద ఉన్నా, అది చదివినకాడి నుంచి మనసులో అదే తిరుగుతుంది, అందుకే ఈ ఉత్తరం. తప్పులుంటే సర్దుకోండి.

మా గెలాక్సీ రాయి అందరూ చూసే ఉంటారు, నల్లటి రాతిలో బంగారు చుక్కలు. ఆ మెరుపు బ్రాంజైట్ అనే ఖనిజం వల్ల అంట, పైగా ఇది అసలు గ్రానైటే కాదు, గాబ్రో అనే వేరే జాతి నల్లరాయి, మార్కెట్లో ఆ పేరు పడిపోయిందంతే అని జియాలజీ చదివిన ఒక కుర్రాడు చెప్తే మావోళ్లంతా ఒకటే నవ్వు, మరి ఇన్నేళ్లు మనం రుద్దింది ఏందిరా అని. బ్లాకుని కోశాక వచ్చే స్లాబుకి చుక్కా ఉండదు మెరుపూ ఉండదు, బూడిద పూసినట్టుంటది. మిషనుకి బిగించి రుద్దే గ్రిట్ రాళ్లకి గరుకుని బట్టి నంబర్లుంటాయి, గరుకుదానితో మొదలుపెట్టి నున్నటిదాకా ఒక్కో నంబరూ మార్చుకుంటా పోవాల, నీళ్లు ఆగకూడదు, తొందరపడి మధ్యలో ఒక నంబరు ఎగ్గొట్టావా ఆ గీత అట్నే ఉండిపోద్ది, చివర్లో ఎంత రుద్దినా పోదు. ఆఖరి రౌండు అయ్యాక వైపర్‌తో నీళ్లు లాగుతాం చూడండి, అప్పుడు చుక్కలన్నీ ఒక్కసారే బయటపడతాయి, పైనున్న ట్యూబ్‌లైటు కూడా అందులో కనపడుద్ది. ఎన్ని వేలసార్లు చూశానో, ఇప్పటికీ సూపర్‌వైజర్ అరిచేదాకా నిలబడి చూస్తా.

ఆ తర్వాత అది కంటైనర్ ఎక్కి పోద్ది, ఏ దేశంలో ఎవరింటి వంటగట్టు అయిందో మనకి తెలీదు. సార్ రాసినదాంట్లో నిజం ఏమన్నా ఉంటే ఇక్కడే ఉంది. చేసినోడికి చేసిన పని మళ్లీ కంటపడకపోతే చేతిలో కూలి ఒక్కటే మిగులుద్ది.

పోయిన కార్తీకంలో పొదిలి, కనిగిరి, పామూరు మీదుగా సీఎస్ పురం మండలంలో భైరవకోన పోయాం. ఒకే కొండని తొలిచి ఎనిమిది గుళ్లు, పల్లవుల శైలి అంటారు. అందరూ దణ్ణాలు పెట్టుకుంటుంటే నేను ద్వారపాలకుడి పక్కన గోడ తడుముతా నిలబడ్డా, మా ఆవిడ తిట్టింది. ఉలి గాట్లు ఒకే వాలులో పోతాపోతా ఒకచోట వాలు మారింది, మనిషి మారాడో, చెయ్యి నొప్పెట్టి ఎడం చేత్తో కొట్టాడో. మాకు స్లాబు విరిగితే పక్కన పడేసి ఇంకోటి ఎక్కిస్తాం, ఆయనకి ముక్కు దగ్గర చెక్క లేస్తే ఇంకో కొండ యాడ తెస్తాడు? ఆయన్ని అప్పట్లో కళాకారుడు అన్నారో లేదో గానీ పొద్దుగూకాక కూలి లెక్క చూసుకునే ఇంటికి పోయుంటాడు.

అట్లాగని కష్టంలో అంతా అందమే అని కూడా రాయొద్దు సార్. నీళ్లు లేకుండా రాయి కోసి కోసి ఆ దుమ్ముకి ఊపిరితిత్తులు చెడగొట్టుకున్న పాత సావాసగాళ్లు నాకిద్దరున్నారు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. వాళ్ల ముందు ఈ మాట అంటే కొడతారు.

మా అమ్మ 2016లో పోయింది. విరిగిన స్లాబు ముక్క ఒకటి ఓనర్ని అడిగి తెచ్చుకుని సమాధి మీద పెట్టడానికి ఇంట్లోనే చేత్తో పాలిష్ పట్టా, పేరు కూడా నేనే చెక్కా, నాలుగు రాత్రులు పట్టింది. అమ్మ పేరులో ‘క్ష’ ఉంది, ఆ కింద ఒంపు దగ్గర ఉలి జారి చిన్న పెచ్చు లేచిపోయింది. చూసినోళ్లంతా బాగుందిరా అబ్బాయా అన్నారు, ఎవరికీ కనపడలేదు. నేను ఎప్పుడు పోయినా ముందు కన్ను అక్కడికే పోద్ది, మొదట్లో సిగ్గేసేది, ఇప్పుడు దాన్నే ఒకసారి వేలితో తడిమి వస్తా.

వీలైతే ఆ సార్‌కి ఈ ఉత్తరం చూపించండి. ఒంగోలు వైపు వస్తే ఇటు రమ్మనండి, నైట్ షిఫ్టు అయితే ఇంకా మంచిది, నీళ్లు లాగేటప్పుడు నా పక్కన నిలబెట్టుకుంటా.

ఇట్లు,
ఒక పాలిష్ కార్మికుడు,
చీమకుర్తి, ప్రకాశం జిల్లా