ముదురు పట్టు మీద పోని తెల్ల గీత: మీ ట్రాన్స్‌ఫర్ పేపర్ మీద ఫిర్యాదు

విజయవాడ

వినియోగదారుల సేవా విభాగం వారికి,

అయ్యా / అమ్మా,

విషయం: ముదురు రంగు బట్టల మీద ఎంబ్రాయిడరీ డిజైన్ దించడానికి మీరు అమ్ముతున్న తెల్ల ట్రాన్స్‌ఫర్ పేపర్ వల్ల పాడైన పట్టు జాకెట్ గురించి.

నేను సత్యనారాయణపురంలో ఇంటి ముందు గదిలోనే మగ్గం వర్క్, అంటే ఫ్రేమ్‌కు బిగించిన బట్ట మీద చేతి ఎంబ్రాయిడరీ, చేయిస్తుంటాను. నాతో పాటు ఇద్దరు అమ్మాయిలు పనిచేస్తారు. పెళ్లి జాకెట్లే ఎక్కువ వస్తాయి. మీ పేపర్ ప్యాకెట్టు వన్‌టౌన్‌లో మేం ఎప్పుడూ దారాలు, పూసలు కొనే హోల్‌సేల్ షాపులో కొన్నాను. బిల్లు ఉంది, కాపీ జతచేస్తున్నాను.

మీ ప్యాకెట్టు మీద పెద్ద అక్షరాలతో మూడు మాటలున్నాయి: మైనం లేదు, పట్టుకు సురక్షితం, తడిబట్టతో తుడిస్తే పోతుంది. ఆ మూడూ చూసే కొన్నాను. నా విషయంలో మూడూ అబద్ధమయ్యాయి.

ముదురు రంగు బట్ట మీద డిజైన్ దించడం ఎంత తలనొప్పో ఈ పని చేసేవాళ్లకు తెలుసు. మీకూ తెలిసే ఉండాలి, అమ్ముతున్నారు కాబట్టి. లేత రంగు బట్టయితే కింద లైటు పెట్టి పెన్సిల్‌తో గీసుకోవచ్చు, నీలం కార్బన్ పెట్టుకోవచ్చు. బాటిల్ గ్రీన్, మెరూన్, నేవీ బ్లూ, నలుపు వచ్చాయంటే లైటు కనపడదు, నీలం గీత కనపడదు. తెలుపో పసుపో పడాల్సిందే. పడటంతో అయిపోదు. మగ్గం మీద బట్ట బిగించాక పని పూర్తయ్యేదాకా రోజుల తరబడి అరచేయి రాసుకుంటూనే ఉంటుంది. అన్నాళ్లూ గీత చెరగకూడదు. పని అయ్యాక మాత్రం నీళ్లలో నానబెట్టకుండానే పోవాలి. మాకు కావలసింది ఇంతే, కష్టమంతా కూడా ఇందులోనే ఉంది.

ఇన్నేళ్లూ మేం పాత పద్ధతిలోనే చేశాం. బటర్ పేపర్ మీద డిజైన్ గీసి, గీత వెంబడి సూదితో దగ్గరదగ్గరగా చిల్లులు పొడుస్తాం. బట్ట మీద పరిచి, కిరసనాయిల్లో కలిపిన జింక్ పౌడర్‌ను గుడ్డ ఉండతో అద్దుతాం. చిల్లుల్లోంచి తెల్ల చుక్కలు దిగుతాయి. కాసేపటికి కిరసనాయిలు ఆవిరైపోయి పొడి మాత్రమే మిగులుతుంది. పని అయ్యాక మెత్తటి బ్రష్‌తో దులిపితే చాలు. దీనికీ తిప్పలున్నాయి. అరచేయి తగిలితే చుక్కలు రాలిపోతాయి, అప్పుడు తెల్ల పెన్సిల్‌తో మళ్లీ కలుపుకోవాలి. కిరసనాయిలు ఇప్పుడు తేలిగ్గా దొరకడం లేదు. పైగా ఇంట్లో చిన్నపిల్లలున్నారు, పక్కనే వంటగది. ఆ వాసన, ఆ భయం వద్దనుకునే మీ పేపర్‌కు మారాను.

ఇక జరిగింది. ఒక పెళ్లికూతురి కంచి పట్టు చీరతో వచ్చిన జాకెట్ ముక్క, బాటిల్ గ్రీన్. చీరతోనే నేసిన ముక్క కాబట్టి పాడైతే బజారులో కొనగలిగేది కాదు. అందుకే ముందు, కుట్టులోకి పోయే అంచు మీద మీ పేపర్‌తో రెండు గీతలు గీసి, మీరు చెప్పినట్టే తడిబట్టతో తుడిచి చూశాను. చక్కగా పోయాయి. ఆ తర్వాతే వెనక మెడ చుట్టూ మామిడి పిందెలు, రెండు చేతుల మీదా జాలీ వర్క్ డిజైన్ దించాం. గీత సన్నగా, తెల్లగా, ఎక్కడా తెగకుండా పడింది. ఆ రోజు మా అమ్మాయిలు మీ పేపర్‌ను మెచ్చుకున్న మాట నిజం, దాచను.

పని నడిచినన్నాళ్లూ గీత చెక్కుచెదరలేదు. అంతా అయ్యాక తడిబట్టతో తుడిచాం. పోలేదు. ఇంకాస్త గట్టిగా తుడిస్తే పట్టు నలిగి ఆ చోట మెరుపు తగ్గింది, గీత మాత్రం అక్కడే ఉంది. కుట్టు నిండుగా ఉన్నచోట దారం కింద దాక్కుంది కాబట్టి బాధ లేదు. కానీ పిందె అంచున జర్దోసి (బంగారు రంగు లోహపు) తీగ గీతకు వెంట్రుకవాసి లోపలగా పడినచోటల్లా, బంగారం పక్కనే ఒక తెల్లటి రెండో అంచు కనిపిస్తోంది. జాలీ సంగతి ఇంకా దారుణం. జాలీ అంటేనే గళ్ల మధ్య బట్ట కనపడాలి. ఆ గళ్ల కోసం గీసుకున్న అడ్డగీతలన్నీ రెండు చేతుల మీదా వలలాగా తేలాయి.

మీ ప్యాకెట్టు వెనక ఇంకో వాక్యం ఉంది: తుడిచినా మిగిలిన గీతలు గోరువెచ్చని ఇస్త్రీతో మాయమవుతాయి అని. సరేనని టిష్యూ కాగితం అడ్డం పెట్టి, ఇస్త్రీ పెట్టెను ‘సిల్క్’ సెట్టింగ్‌లో ఉంచి, ఒక చేతి అంచు మీద మాత్రం ఆనించాం. కాగితం తీసి చూస్తే గీత పడ్డ మేరకు కాగితం జిడ్డు పట్టి, వెలుతురుకు పెడితే అవతలి వైపు కనపడుతోంది. అదేమిటో నేను చెప్పాలా? మైనం. సుద్దపొడి అయితే వేడికి కరగదు, కాగితానికి జిడ్డు అంటదు. ఇస్త్రీ చేసిన చోట గీత కాస్త మసకబారింది కానీ, చుట్టూ నూనె మరకలాంటి నీడ దిగింది. మైనం లేని పేపర్‌కు ఇస్త్రీతో గీత పోతుందని మీరెందుకు రాశారు? పోనీ మైనం ఉందనుకుంటే, లేదని ముందువైపు ఎందుకు రాశారు? ఈ రెండింటిలో ఏదో ఒకదానికి మీరు జవాబు చెప్పాలి.

మొదట అంచు మీద తుడిస్తే పోయిన గీత తర్వాత ఎందుకు పోలేదని మేమే పరీక్షించి చూశాం. అదే రకం పట్టు ముక్క ఒకటి తీసుకుని మీ పేపర్‌తో రెండు గీతలు, మా జింక్ పొడితో ఒక చుక్కల వరస వేశాం. ఒక గీతను అప్పటికప్పుడే తుడిచాం, పోయింది. రెండో గీతను, చుక్కల వరసను అలాగే ఫ్రేమ్‌కు బిగించి, పని జరిగే గదిలోనే వదిలేశాం. విజయవాడ ఎండాకాలం ఎలా ఉంటుందో మీరు ఎప్పుడైనా చూశారో లేదో, మధ్యాహ్నం ఫ్యాను గాలి కూడా వడగాలే. కొన్నాళ్లు పోయాక తుడిస్తే గీత కదల్లేదు. చుక్కలు మాత్రం బ్రష్ ఆనించగానే రాలిపోయాయి. వేడికి మైనం మెత్తబడి పోగుల్లోకి దిగుతోందని నా ఉద్దేశం. గీసిన ఐదు నిమిషాలకే తుడిచి చూసి మీరు ఈ మాట రాసినట్టున్నారు. జాకెట్ వర్క్ ఐదు నిమిషాల్లో అవ్వదండీ. ఆ ముక్కను ఈ లేఖతో పంపుతున్నాను. ఏ గీత దేనిదో పక్కనే రాసి పెట్టాను.

ఇంతకన్నా ఎక్కువ కోపం తెప్పించింది మీ కస్టమర్ కేర్. ఫోన్ తీసినాయన గీత పోలేదని చెప్పగానే, “సబ్బు నీళ్లలో అరగంట నానబెట్టండి మేడమ్” అన్నారు. జర్దోసి ఉంది, కుందన్ రాళ్లు జిగురుతో అతికించాం, పైగా పట్టు అని చెప్పాను. “అయితే నానబెట్టాక నీడలో ఆరబెట్టండి” అన్నారు. జర్దోసి తీగ నీళ్లు తగిలితే నల్లబడుతుందని, కుందన్లు ఊడతాయని, పట్టు మీద నీటి మరకలు పడతాయని ఆయనకు తెలియకపోవడం ఆయన తప్పు కాదు, చెప్పి కూర్చోబెట్టాల్సింది మీరు. డ్రైక్లీనింగ్ సంగతి కూడా కనుక్కున్నాను. గవర్నర్‌పేటలో మా బట్టలు ఇచ్చే ఆయన జాకెట్ తిప్పి తిప్పి చూసి, డ్రైక్లీనింగ్ మందుకు మైనం కరుగుతుందేమో కానీ రాళ్ల కింద జిగురు కూడా వదిలేస్తుంది, నేను చెయ్యనమ్మా అని తిరిగిచ్చేశారు.

రెండోసారి ఫోన్ చేస్తే ఇంకొకావిడ, “మీరు వ్యాపారానికి వాడారు కదా, ఇది వినియోగదారుల కంప్లయింట్ కిందకు రాదు” అన్నారు. ఈ మాట ఎవరు నేర్పారో కానీ సరైనది కాదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో వినియోగదారు అంటే ఎవరో చెప్పేచోటే ఒక వివరణ ఉంది. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం మాత్రమే కొని వాడుకునేవాళ్ల వాడకం వాణిజ్య అవసరం కిందకు రాదు. నా మగ్గం నా బతుకుతెరువు. అదే చట్టం ప్రకారం, సరైన వాడకం గురించి తగిన సూచనలూ హెచ్చరికలూ ఇవ్వకుండా సరుకు అమ్మి నష్టం కలిగిస్తే తయారీదారు బాధ్యత వహించాలి. లేని గుణం ఉన్నట్టు రాయడం తప్పుదోవ పట్టించే ప్రకటనే అవుతుంది.

ఇంకో సంగతి. మీ ప్యాకెట్టు మీద వెల్వెట్ జాకెట్ బొమ్మ కూడా వేశారు. వెల్వెట్ మీద మీ పేపర్ గీత పడనే పడదు. నూగు అటూ ఇటూ ఒరిగితే గీత ముక్కలవుతుంది. వెల్వెట్‌కు మేం పల్చటి కాగితం మీద డిజైన్ గీసి, బట్ట మీద టాకాలు (వదులు కుట్లు) వేసి, కాగితంతో సహా కుట్టి తర్వాత చింపేస్తాం. ఆ బొమ్మ తీసేయండి. వాడే విధానం కూడా ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంది. ఇక్కడ మగ్గం మీద కూర్చునే అమ్మాయిలు చదవాలంటే తెలుగులో ఉండాలి. ప్యాకెట్టు మీద తయారైన నెల, సంవత్సరం కూడా నాకు ఎక్కడా కనపడలేదు. ప్యాక్ చేసి అమ్మే సరుకు మీద అది తప్పనిసరిగా ఉండాలి కదా.

పెళ్లివారితో మాట ఎలాగో దక్కించుకున్నాం. మెడ చుట్టూ తెల్ల అంచు కనపడినచోటల్లా ఇంకో వరస జరీ, కట్ బీడ్స్ కుట్టి కప్పేశాం. పెళ్లికూతురు తేలిగ్గా ఉండాలని అడిగిన మెడ బరువైపోయింది. జాలీని కప్పడానికి దారి లేదు. ఆ చేతులు తీసేసి, చీర అంచుకు కలిసే ఎర్ర రాసిల్క్‌తో వేరే చేతులు పెట్టి మళ్లీ వర్క్ చేయించాం. అమ్మాయి మంచిది, సర్దుకుంది. వాళ్లమ్మగారు మాత్రం “చీరతో వచ్చిన ముక్క కదమ్మా” అని వెళ్లేదాకా అంటూనే ఉన్నారు, ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు. నేనే డబ్బు తగ్గించి తీసుకున్నాను.

అందుకు నాకైన నష్టం ఇది: రాసిల్క్‌కు 900 రూపాయలు, మళ్లీ చేసిన చేతుల వర్క్‌కూ మెడ అదనపు వర్క్‌కూ కలిపి కూలి 3,800, జరీ, పూసలకు 650, పెళ్లివారికి తగ్గించిన 2,000, మీ ప్యాకెట్టు ధర 350. మొత్తం 7,700 రూపాయలు. మా అమ్మాయిలు రాత్రిళ్లు కూర్చున్న టెన్షన్‌కు నేను ధర కట్టలేదు.

ఈ డబ్బు వెంటనే ఇప్పించండి. డబ్బు ఒక్కటే పంపి చేతులు దులుపుకుంటే కుదరదు. ఈ పేపర్‌లో తెల్ల రంగును పట్టి ఉంచేది ఏమిటో రాతపూర్వకంగా చెప్పండి. మైనమే అయితే “మైనం లేదు”, “పట్టుకు సురక్షితం” అన్న మాటలు తీసేయండి, ఉతకగలిగే బట్టలకు మాత్రమే అని రాయండి. గీత గీసిన ఎన్నాళ్లలోపు తుడిస్తే పోతుందో, వేడి తగిలితే ఏమవుతుందో కూడా రాయండి. నేను కొన్న షాపులో అదే సరుకు ఇంకా ఉంది. శ్రావణ మాసం పెళ్లిళ్లు వచ్చేలోపు దాన్ని వెనక్కి తీసుకోండి. షాపాయన మీదకు మాత్రం నెట్టకండి, ఆయన మీరు రాసింది చూసే అమ్మారు.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో జవాబు రావాలి. ఫోన్‌లో కాదు, కాగితం మీదో మెయిల్‌లోనో. రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేయించి, ఆపైన మా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. కొనుగోలుదారు ఉంటున్న చోటే కేసు వేయవచ్చని చట్టంలోనే ఉంది కాబట్టి మీ ఊరికి రావాల్సిన పని కూడా నాకు లేదు.

బిల్లు కాపీ, ప్యాకెట్టు రెండు వైపుల ఫొటోలు, జాకెట్ ఫొటోలు, జిడ్డు పట్టిన టిష్యూ కాగితం, పరీక్షించిన పట్టు ముక్క జతచేశాను. తీసేసిన చేతులు రెండూ నా దగ్గరే ఉన్నాయి. చూడాలనుకుంటే మీ మనిషిని పంపండి, చూపిస్తాను. పోస్టులో మాత్రం పంపను.

ఇట్లు,
మగ్గం వర్క్ నిర్వాహకురాలు,
సత్యనారాయణపురం, విజయవాడ