సమస్య తీరకుండానే నాలుగుసార్లు మూసివేసిన నా ఫిర్యాదు గురించి

పాడేరు,
ఆగస్టు 4.

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: పాత జిప్సీకి తెప్పించుకున్న సీళ్ల కిట్టు తప్పుగా రావడం, ఆ ఫిర్యాదును ఏడు వారాలుగా పట్టించుకోకపోవడం.

అయ్యా,

నా 2004 మోడల్ మారుతి జిప్సీ కోసం జూన్ 3న మీ వెబ్‌సైటులో 2,850 రూపాయలు చెల్లించి, ముందు చక్రాల నకిల్ సీళ్లు (చక్రం పక్కలకు తిరిగే కీలులో గ్రీజును నిలిపి ఉంచేవి), కింగ్‌పిన్ బేరింగులు (ఆ కీలు తిరగడానికి ఆధారమైనవి) ఉన్న కిట్టు తెప్పించుకున్నాను. పెట్టె మీద నంబరు సరిగానే ఉంది గానీ లోపలి సీళ్లు వేరే బండివి. పొరపాటు ఎవరివల్లనైనా జరుగుతుంది; పార్శిల్ కట్టినవారి మీద నాకు కోపం లేదు. ఆ తరువాత మీ సిబ్బంది నాతో వ్యవహరించిన తీరే నా చేత ఈ ఉత్తరం రాయిస్తోంది.

నేను కాఫీ రైతును. ఈ బండి తయారీ ఆగిపోయి ఏళ్లు గడిచాయి, విశాఖపట్నం వెళ్లి రావాలంటే ఒక రోజు పోతుంది, కనుక దాని మరమ్మతులన్నీ ఇంటి దగ్గర నేనే చేసుకుంటాను. నకిల్ సీలు పోతే గ్రీజు బయటికి కారి, బురదనీరు లోపలికి చేరి, బేరింగులు తుప్పుపడతాయి. అప్పుడు కాస్త వేగం అందుకోగానే స్టీరింగు చేతుల్లో నిలవనంతగా వణుకుతుంది. అలాంటి బండితో వానల్లో ఘాట్ రోడ్డు దిగడం ప్రాణాలతో చెలగాటం. అందుకే జూన్ 15న రెండు వైపులా చక్రాలు, హబ్బులు, యాక్సిల్ షాఫ్టులు ఊడదీశాను. పాత సీలు బయటికి వస్తే తప్ప కొత్తదానితో పోల్చి చూడడం కుదరదు. ఆ రోజు నుంచి బండి స్టాండ్ల మీదే ఉంది.

మరునాడే మీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. పెట్టె విప్పుతున్నప్పుడు తీసిన వీడియో ఉంటేనే ఫిర్యాదు నమోదు చేస్తామని అక్కడి అమ్మాయి చెప్పింది. కొనేటప్పుడు ఆ షరతు నాకు ఎక్కడా కనిపించలేదని చెబితే, అదే వాక్యాన్ని మూడుసార్లు చదివి వినిపించింది. జూన్ 19న మాట్లాడినతను స్కేలు పక్కన పెట్టి ఫొటోలు తీసి పంపమన్నాడు. పదకొండు ఫొటోలు పంపాను. రెండు రోజులకు వచ్చిన జవాబు, "మీ సమస్య పరిష్కరించబడింది" అన్న సందేశం. మళ్లీ ఫోన్ చేస్తే మూడో వ్యక్తి, నా బండికి ఫోర్ వీల్ డ్రైవ్ ఉంది కాబట్టి అది మార్పులు చేసిన వాహనమని, దానికి మార్పిడి వర్తించదని అన్నాడు. ఈ బండి ఫ్యాక్టరీ నుంచే ఫోర్ వీల్ డ్రైవ్‌తో వచ్చిందని, నేను మార్చినవి ఫ్రీ వీల్ హబ్బులు (అవసరం లేనప్పుడు ముందు చక్రాలను యాక్సిల్ నుంచి విడదీసేవి), వెనక కొక్కెం మాత్రమేనని, వాటికీ ఈ సీలుకూ సంబంధం లేదని ఓపికగా వివరించాను. ఇరవై రెండు నిమిషాలు లైనులో ఉంచి ఫోన్ పెట్టేశాడు. ఫిర్యాదు మళ్లీ మూసేశారు.

జులై 8న, సూపర్‌వైజరు సాయంత్రం ఐదు లోపు ఫోన్ చేస్తారని చెప్పారు. మా ఇంటి దగ్గర సిగ్నల్ అందదు, రోడ్డు మలుపు దగ్గర గట్టెక్కితేనే అందుతుంది. తోటలో మిరియాల తీగలు నాటే పని వదిలేసి, గొడుగు వేసుకుని చీకటి పడేదాకా ఆ గట్టు మీద కూర్చున్నాను. ఎవరూ చేయలేదు. రాత్రి ఏడింటికి వచ్చింది మాత్రం, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు అన్న సందేశం. ఆ అవమానం నేను మరచిపోలేను. జులై 22న మరోసారి ప్రయత్నిస్తే, మాట పూర్తికాకముందే నాలుగోసారి మూసేశారు.

2017 నుంచి మీ దగ్గర 14 ఆర్డర్లు పెట్టాను. క్లచ్ ప్లేటు, వాటర్ పంపు, కమాన్‌పట్టీల బుష్‌లు, క్రాసులు అన్నీ మీవే. పాత జీపులున్న ముగ్గురు రైతులకు మీ పేరు చెప్పింది నేనే. ఇన్నేళ్ల నమ్మకానికి ఒక్క ఫోన్ కాల్ కూడా దక్కలేదన్నదే నా బాధ.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలియజేయాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. ఆ గడువు ఎప్పుడో దాటింది. ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా సరైన కిట్టు గానీ నా డబ్బు గానీ అందాలి, తోటకు వెళ్లిరావడానికి నేను కట్టిన జీపు అద్దె సంగతీ తేల్చాలి. లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915లో నమోదు చేసి, నేను నివసించే చోటి జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను. 5 లక్షల లోపు కొనుగోలుకు అక్కడ రుసుము లేదు. ఫోన్లకోసం గట్టు మీద కూర్చున్న నాకు విచారణకు వెళ్లడం కష్టం కాదు.

మీ నిర్ణయం ఏదైనా, బాధ్యత గల ఒక మనిషి సంతకంతో రాతపూర్వకంగా తెలియజేయండి. మరో సంక్షిప్త సందేశాన్ని జవాబుగా నేను స్వీకరించను. బిల్లు, ఫొటోలు, మీరు పంపిన నాలుగు సందేశాల ప్రతులు జతచేశాను.

ఇట్లు,
మీ పాత కొనుగోలుదారు