కార్తీకం దాకా పాలు తక్కువగా వస్తాయి

అక్కలకూ అన్నలకూ నమస్కారం.

ఈ నెల నుంచి లీటరు తీసుకునే ఇళ్లకు ముప్పావు లీటరే వేస్తున్నాం. ఆవులు వట్టిపోయాయా అని పాలు పోసే అబ్బాయిని చాలామంది అడిగారట. వట్టిపోలేదు. మా 9 ఎకరాల బీడులో 3 ఎకరాలకు కంచె వేసి, ఆవుల్ని అటు పోనివ్వడం లేదు. మేత తగ్గింది, రోజుకు 85 లీటర్ల పాలు 60కి దిగాయి.

మొన్న వేసవిలో పాలు చేదుగా ఉన్నాయని కొందరు ఫోన్ చేశారు. దాణా మారింది, అందుకే అని అప్పుడు చెప్పాను. అది నిజం కాదు. ఆవులు ఆకలికి వయ్యారిభామ అనే కలుపు మొక్కను మేశాయి, ఆ చేదు పాలలోకి దిగింది. 14 ఆవుల్ని ఏడాదంతా ఒకే బీడులో వదిలాను. ఆవు ముందు తీపి గడ్డిని వెతికి కొరుకుతుంది. అది రెండాకులు వేయగానే మళ్లీ దాన్నే కొరుకుతుంది. వేర్లలో బలం చాలక దుబ్బు చచ్చిపోతుంది, ఆ ఖాళీలో వయ్యారిభామ లేస్తుంది. మా నాన్న కాలంలో మోకాలెత్తు గడ్డి ఉన్న నేల అది. ఇలా అయ్యిందంటే బాధ్యత నాదే. ఆ చేదు పాలు వచ్చిన వారం డబ్బులు ఈ నెల బిల్లులో తగ్గిస్తున్నాను.

కంచె వేసిన మూడెకరాల్లో అంజన్ గడ్డి, దాంతోపాటు స్టైలో విత్తాం. స్టైలో పప్పుజాతి మొక్క. వేర్ల మీది బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు ఇస్తాయి, కాబట్టి పక్కనున్న గడ్డికీ యూరియా అవసరం తగ్గుతుంది. మాంసకృత్తులు గడ్డిలో కంటే ఇందులో ఎక్కువ. మన అనంతపురం ఎర్రనేలకు, ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానకు తట్టుకునేది ఇదే అని నా నమ్మకం. లూసర్న్ అనే పచ్చిమేత మొక్క కూడా బాగుంటుంది కానీ దానికి నీటి తడులు కావాలి. మన బోర్ల సంగతి మీకు తెలిసిందే.

నిజానికి ఇది రెండో ప్రయత్నం. పోయినేడు సంచిలోంచి తీసిన విత్తనాన్ని అలాగే చల్లేశాను. స్టైలో గింజ పైపొర చాలా గట్టిది, నీరు లోపలికి పోదు. సగం కూడా మొలవలేదు. మొలిచినవాటి మీదికి 40 రోజులకే ఆవుల్ని తోలాను, అవి లేత మొక్కల్ని వేళ్లతో సహా పీకేశాయి. విత్తనం ఖర్చు, కూలి అంతా పోయింది. ఈసారి 80 డిగ్రీల వేడినీళ్లలో నాలుగు నిమిషాలు ఉంచి, రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టాం. తడి ఇసుకలో కలిపి చల్లి, పైన రేగుకంప లాగాం. లోతుగా పడితే ఆ చిన్న గింజ పైకి రాలేదు. జూలై వానకు మొలకలు ఒత్తుగా వచ్చాయి. పొద్దున్నే వెళ్లి చూస్తుంటే కడుపు నిండినట్టుంది.

స్టైలో పూత పూసి, గింజ నేలమీద రాలేదాకా అక్కడికి ఆవులు పోవు. ఆ రాలిన గింజే వచ్చే ఏడు విత్తనం. అందుకే కార్తీకం దాకా ఆగమంటున్నాను.

మిగతా 6 ఎకరాలను సోలార్ కరెంటు పారే కంచె తీగతో ఆరు ముక్కలు చేశాం. ఒక్కో ముక్కలో ఐదు రోజులు మేపి పక్కదానికి తోలుతాం, మళ్లీ మొదటిదానికి వచ్చేసరికి 25 రోజులు. గడ్డి నాలుగు వేళ్ల ఎత్తుకు దిగితే ఐదు రోజులు కాకపోయినా తోలేస్తున్నాం. లోటును వేరుశనగ కట్టెతో పూడుస్తున్నాం కానీ పచ్చిమేతకు అది సమానం కాదు.

రేటు పెంచడం లేదు, పాలలో నీళ్లూ కలపను. చంటిపిల్లలూ పెద్దవాళ్లూ ఉన్న ఇళ్లకు లీటరు లీటరుగానే వస్తుంది, అబ్బాయికి ఒక మాట చెప్పండి. ఈ మూడు నెలలు వేరేచోట తీసుకుంటామన్నా పర్వాలేదు, అడ్వాన్సు అదే రోజు తిరిగి ఇస్తాను. పచ్చిమేత పెరిగాక వెన్న కాస్త పసుపుగా కనిపిస్తుంది, అది గడ్డి రంగే, కంగారు పడొద్దు. ఆదివారం పొద్దున ఎవరైనా వచ్చి బీడు చూడొచ్చు, పిల్లల్ని కూడా తీసుకురండి. కంచె తీగ మాత్రం ముట్టుకోనివ్వకండి.