మళ్లీ చేరేదెవరు? – ఒక మిత్రుడికి జవాబు

ప్రియ మిత్రమా,

ఇంటికి పంపిన రోగుల్లో ఎవరు మళ్లీ వచ్చి చేరతారో ముందే చెప్పగల మోడల్‌ను గుంటూరులో మీ ఆసుపత్రి కోసం తయారు చేయాలనుకుంటున్నావని చదివి ఎంతో సంతోషించాను. ఏ పద్ధతి వాడాలని అడిగావు. అంతకంటే ముందు తేలవలసిన ప్రశ్న ఒకటుంది: తిరిగి చేరే ప్రమాదం ఎక్కువని మోడల్ పెద్ద స్కోరు ఇచ్చిన రోగికి మీరు అదనంగా ఏం చేస్తారు?

ఇక్కడ అమెరికాలో ఈ లెక్కల మీద ఇంత శ్రద్ధ పెరగడానికి డబ్బు ఒక పెద్ద కారణం. మెడికేర్ (ప్రధానంగా వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) రోగుల్లో దాదాపు ఐదుగురిలో ఒకరు డిశ్చార్జి అయిన 30 రోజుల్లోపే తిరిగి చేరుతున్నారని 2009లో ఒక అధ్యయనం చూపింది. 2012 అక్టోబరు నుంచి, గుండెపోటు, హార్ట్ ఫెయిల్యూర్ (గుండె రక్తాన్ని సరిగా పంపలేకపోవడం), న్యుమోనియా రోగులు అంచనాకు మించి తిరిగివచ్చే ఆసుపత్రులకు మెడికేర్ చెల్లింపుల్లో కోత మొదలైంది. అయితే ఆ అధ్యయనంలో నన్ను కదిలించిన సంగతి వేరు. ఆపరేషన్ లేకుండా చికిత్స పొంది, నెలలోపు తిరిగి చేరినవారిలో సుమారు సగం మంది ఆ మధ్యకాలంలో ఏ డాక్టరుకూ చూపించుకున్నట్లు బిల్లులే లేవు.

మొదట చేతితో వేయగల లెక్కతో ప్రారంభించు. కెనడాలోని ఒంటారియో రోగుల సమాచారంతో తయారై 2010లో వెలువడిన లేస్ స్కోరు నాలుగే విషయాలు అడుగుతుంది: ఎన్ని రోజులున్నాడు, ఎమర్జెన్సీగా చేరాడా, ఇతర జబ్బులేమిటి, గత ఆరు నెలల్లో ఎన్నిసార్లు ఎమర్జెన్సీకి వచ్చాడు. హార్ట్ ఫెయిల్యూర్‌తో పాటు షుగరు కూడా ఉన్న ఒక పెద్దాయన ఎమర్జెన్సీలో చేరి ఐదు రోజులున్నాడనుకో. రోజులకు 4, చేరిన తీరుకు 3, జబ్బులకు 3, అంతకుముందు రెండుసార్లు వచ్చినందుకు 2, మొత్తం 12. పది, అంతకు మించి వస్తే ఎక్కువ ప్రమాదం కిందే లెక్క.

ఈ స్కోరు కూడా పూర్తిగా నమ్మదగినది కాదు. నెలలోపు తిరిగి చేరిన లేదా చనిపోయిన ఒకరిని, అలా జరగని ఒకరిని పక్కపక్కన పెడితే, మొదటివారికే ఎక్కువ మార్కులు వేయడం నూటికి 68 సార్లే జరుగుతుంది. కళ్లు మూసుకుని చెప్పినా 50 సార్లు సరిపోతుంది కదా. మాత్రలు గుర్తుపెట్టుకుని ఇచ్చేవారు ఇంట్లో ఉన్నారా, నెలాఖరుకు మందులు కొనే డబ్బుందా, ఊరగాయ లేనిదే ముద్ద దిగని మనిషి ఉప్పు తగ్గించగలడా అన్నవి డిశ్చార్జి సమ్మరీలో ఉండవు. నా అనుభవంలో, పద్ధతిని ఎంత జటిలం చేసినా ఆ లోటు పూడదు.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది మీ రికార్డుల విషయం. మీ దగ్గర డిశ్చార్జి అయి వేరే ఆసుపత్రిలో చేరినవాడు, ఖర్చుకు భయపడి ఇంట్లోనే ఉండిపోయినవాడు, చివరికి చనిపోయినవాడు కూడా మీ రిజిస్టరులో 'తిరిగి రాలేదు' అనే కనిపిస్తారు. వీరిని ఆరోగ్యవంతులుగా నేర్చుకున్న మోడల్, పేదవాడికి ప్రమాదం తక్కువని ధైర్యంగా చెప్పేస్తుంది. ఇది ఊహించి చెబుతున్న భయం కాదు. అమెరికాలో విస్తృతంగా వాడిన ఒక ఆల్గారిథం, జబ్బు తీవ్రతకు బదులు వైద్య ఖర్చును అంచనా వేసినందువల్ల, ఒకే స్కోరు వచ్చిన నల్లజాతి రోగులు నిజానికి తెల్లవారికంటే ఎక్కువ జబ్బుతో ఉన్నారని 2019లో బయటపడింది. అందుచేత డిశ్చార్జి అయిన ప్రతి ఒక్కరికీ ముప్పయ్యో రోజున ఫోన్ చేయించి, ఎక్కడైనా చేరారా, బతికి ఉన్నారా అన్న రెండు విషయాలూ రాయించు. మరణాన్ని కూడా కలిపే లెక్కించు. లేస్ తయారుచేసినవారు అలాగే చేశారు. మెడికేర్ చెల్లింపుల్లో కోతలు మొదలయ్యాక హార్ట్ ఫెయిల్యూర్ రోగుల్లో డిశ్చార్జి తర్వాతి మరణాలు పెరిగాయని 2018లో ఒక అధ్యయనం చెప్పింది. దానికి ఆ విధానమే కారణమా అన్న వాదన ఇంకా నడుస్తున్నా, తిరిగి చేరేవారి సంఖ్య తగ్గడాన్నే విజయం అనుకోవడానికి నాకు మనసొప్పదు.

ఇక మొదటి ప్రశ్నకు నా సూచన ఇది. స్కోరు పది, అంతకు మించి వచ్చినవారికి వారంలోపు అపాయింట్‌మెంటు ఇచ్చి పంపండి. మందుల చీటీని ఇంట్లోవారికి చదివి వినిపించండి. హార్ట్ ఫెయిల్యూర్ ఉంటే రోజూ ఉదయం బరువు చూసుకుని, వారంలో రెండు కిలోలు పెరిగితే ఫోన్ చేయమని చెప్పండి. రోజుకు ఎంతమందికి ఫోన్ చేయడం మీ నర్సులకు సాధ్యమో కనుక్కుని రాయి. ఎన్ని మార్కుల దగ్గర గీత గీయాలో దాన్నిబట్టే నిర్ణయిద్దాం. గత ఆరు నెలల ఎమర్జెన్సీ రాకపోకలు మీ రిజిస్టరులో ఉన్నాయో లేదో కూడా తెలియజేయి.

నీ మిత్రుడు