కొనేముందు తుప్పు చూడు

చిట్టితల్లీ,

ఫొటోలు అందాయి. 1967 మినీ, ఎర్రటి ఒళ్లు, తెల్లటి టాపు. నువ్వు అడిగినవి రెండు: ఈ కారు కొనవచ్చా, నా దగ్గరున్న పాత కార్లలో నాకు ప్రాణమైనది ఏది? రెండోదానికి జవాబు క్షణంలో చెప్పగలను. మొదటిదానికే ఇంత ఉత్తరం.

నా ప్రాణం ఫోక్స్‌వ్యాగన్ బీటిల్. ముద్దుగా ఉంటుందని కాదు. ఆ మాట దారినపోయేవాళ్లందరి నోటా విని విని విసుగెత్తింది. దాన్ని నా చేతులతో నేను విప్పగలిగేదాన్ని, మళ్లీ బిగించగలిగేదాన్ని. అందుకే ఇష్టం. ఇంజను వెనక ఉంటుంది, నాలుగు సిలిండర్లు రెండేసి చొప్పున ఎదురెదురుగా పడుకుని ఉంటాయి. గాలితోనే చల్లబడుతుంది కాబట్టి రేడియేటర్ లేదు, నీళ్లు లేవు, నీళ్లు కారే గొట్టాలూ లేవు. దాని బదులు ఫ్యాన్ బెల్టు మీద భక్తి ఉండాలి. బ్యాటరీని ఛార్జ్ చేసే డైనమోను, ఇంజనును చల్లబరిచే ఫ్యానును తిప్పేది ఆ ఒక్క బెల్టే. అందుకని ఛార్జింగ్ ఆగిందని చెప్పే ఎర్ర దీపం వెలిగితే, బెల్టు తెగి ఫ్యానూ ఆగిందేమో అనుకోవాలి గానీ, బ్యాటరీ సంగతేగా, ఇంటికి వెళ్లాక చూసుకుందాం అనుకోకూడదు. అక్కడికక్కడే ఆపేయాలి.

నాది 1960 మోడల్. అందులో పెట్రోలు ఎంత ఉందో చూపించే ముల్లు ఉండేది కాదు. ఇంజను దగ్గడం మొదలుపెట్టగానే కాలి దగ్గరున్న చిన్న మీటను పాదంతో తిప్పితే అడుగున దాచిన కాస్త పెట్రోలు అందేది. బంకులో ట్యాంకు నింపించాక ఆ మీటను మళ్లీ యథాస్థానానికి తిప్పాలి. మీ నాన్న కారు తీసుకెళ్లి వచ్చిన ప్రతిసారీ నేను ముందు చూసేది ఆ మీటనే. (తరవాతి బీటిళ్లలో ఇంకో తమాషా ఉంది. స్టెప్నీ టైరులోని గాలి ఒత్తిడితోనే ముందు అద్దం మీదికి నీళ్లు చిమ్మేవి. ఆ ఆలోచన ఎవరికి వచ్చిందో గానీ, నాకు భలే నచ్చుతుంది.)

వాల్వుల సందు సరిచేయాలంటే ఇంజను పూర్తిగా చల్లబడి ఉండాలి, అందుకే ఆ పని తెల్లవారుజామునే పెట్టుకునేదాన్ని. నిప్పురవ్వ కోసం కరెంటును తెంచి కలిపే పాయింట్ల సందు 0.4 మిల్లీమీటర్లు. సందు కొలిచే ఫీలర్ గేజ్ పల్చటి రేకు అందులో కాస్త బిగువుగా జారాలి. ఆ బిగువు ఎంతో పుస్తకం చెప్పదు, వేళ్లకే తెలియాలి. నాకు ఈ విద్య నేర్పిన ముసలి మెకానిక్ స్క్రూడ్రైవర్ కొనను ఇంజను మీద ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుని వినమనేవాడు. మూడో సిలిండరును మరీ శ్రద్ధగా వినాలనేవాడు. ఆయిల్ కూలర్ దానికి వచ్చే గాలికి అడ్డుపడుతుంది కనుక మిగతావాటికంటే అదే ఎక్కువ వేడెక్కేది. మొదట్లో నాకు అంతా ఒకటే గోలగా వినిపించేది. కొన్నాళ్లకు ఏ వాల్వు టకటకమంటున్నదో వంటగదిలో ఉండి చెప్పగలిగాను.

1938లో మొదలైన ఈ కారు చివరిది మెక్సికోలోని ప్వెబ్లా ఫ్యాక్టరీ నుంచి 2003 జులై 30న బయటికి వచ్చింది. మొత్తం 2 కోట్ల 15 లక్షలకు పైగా తయారయ్యాయి. 1972లోనే ఫోర్డ్ మోడల్ టీ రికార్డును దాటేసింది. ఈ లెక్కల వల్ల మనకు ఒరిగే లాభం ఒక్కటే: విడిభాగాలు దొరుకుతాయి. పాత కారు కొనేవాళ్లు మొదట ఆలోచించాల్సింది అదే.

మెర్సిడెస్ 240డి గురించి పెద్దగా చెప్పను. తాళం తిప్పి, సిలిండర్లు వేడెక్కి దీపం ఆరేదాకా ఆగాలి, ఆ తరవాత కూడా తొందర పడని డీజిల్ బండి. నువ్వు పసిపిల్లగా దాని వెనక సీటులో తప్ప ఎక్కడా నిద్రపోయేదానివి కాదు. నమ్మకమైనదే, గౌరవం ఉంది, ప్రేమ మాత్రం పుట్టలేదు.

ఇక నీ మినీ. 1956లో సూయజ్ సంక్షోభం వచ్చి పెట్రోలుకు కటకటలాడాక, తక్కువ తాగే చిన్న కారు కావాలని ఇంజనీరు అలెక్ ఇసిగోనిస్‌కు అప్పగించిన పని అది. 1959 ఆగస్టులో విడుదలైంది. పొడవు మూడు మీటర్ల పైన అయిదు సెంటీమీటర్లు. ఇంజనును అడ్డంగా తిప్పి, గేర్లను దాని కిందే ఆయిల్ తొట్టిలో పెట్టేశాడు. అలా మిగిలిన చోటులో నలుగురు కూర్చుంటారు. మాంటే కార్లో ర్యాలీని 1964, 65, 67లలో గెలిచింది. 1966లోనూ మొదటి మూడు స్థానాలూ దానివే, కానీ హెడ్‌లైట్లు నిబంధనలకు విరుద్ధమని అనర్హత వేటు వేశారు. ఆ అన్యాయం గురించి నన్ను కదిలించకు, ఉత్తరం పూర్తికాదు.

ఇంజనుకూ గేర్లకూ ఒకే ఆయిల్ కనుక దాన్ని మార్చడంలో బద్ధకం పనికిరాదు. ఆ ఏటి మినీకి మొదటి గేరులో సింక్రో, అంటే కదులుతుండగా గేరు సాఫీగా పడేలా చేసే అమరిక, ఉండదు. కారు పూర్తిగా ఆగాకే వేయాలి. స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ ముందు జాలీ వెనకే ఉండటంతో జోరువానలో తడిసి ఆగిపోతుందని పేరు. దానికి పాతవాళ్ల మందు రబ్బరు చేతి తొడుగు: వేళ్ల చివరలు కత్తిరించి, వాటిలోంచి తీగలు తీసి తొడిగేవాళ్లు. సిలిండర్ హెడ్ పోత ఇనుముది, సీసం కలిపిన పెట్రోలు రోజులది. సీసం లేని ఈనాటి పెట్రోలుకు వాల్వులు ఆనే సీట్లు అరిగిపోతాయి, గట్టివి వేయించారా అని అడుగు. ఒక పక్కకు వాలి కనిపిస్తే కుదుపులు తట్టుకునే సస్పెన్షన్‌లోని ద్రవం కారుతోందేమో చూడాలి.

కానీ ఇవన్నీ బాగుచేయించుకోగలిగినవే. ఇంజను మార్చుకోవచ్చు, గేర్లు మార్చుకోవచ్చు. ఒళ్లు తుప్పు పట్టిపోతే మాత్రం నువ్వు కొన్నది కారు కాదు, వెల్డింగు పని. తలుపుల కింది అంచులు, హెడ్‌లైట్ల చుట్టూ, అన్నిటికీ మించి వెనక చక్రాలను మోసే ఇనుప చట్రం, సబ్‌ఫ్రేము: అక్కడ పెయింటు మెరుపును నమ్మకు. అయస్కాంతం అతుక్కోకపోతే కింద ఉన్నది ఇనుము కాదు, పుట్టీ. వాన వెలిశాక వెళ్లి కార్పెట్ కింద చెయ్యి పెట్టి చూడు. నువ్వు వచ్చేసరికే ఇంజను వేడిగా ఉంటే, చల్లగా ఉన్న ఇంజను ఎలా స్టార్టవుతుందో నీకు వినిపించడం అమ్మేవాడికి ఇష్టం లేదని అర్థం. మరో రోజు, చెప్పకుండా వెళ్లు.

ఒక్క విషయం మొహమాటం లేకుండా చెబుతున్నాను. దేనికైనా గుద్దుకుంటే ఆ కారు నిన్ను ఈనాటి కార్లలా కాపాడలేదు. హైవే మీద లారీల మధ్యకు దాన్ని తీసుకెళ్లనని మాట ఇస్తేనే నా ఓటు.

కొన్నాక మాత్రం గుడ్డ కప్పి దాచుకోవద్దు. నెలల తరబడి నిలబెడితే బ్రేకులు పట్టేస్తాయి, పెట్రోలు కార్బురేటర్‌లో జిగురై కూర్చుంటుంది, టైర్లు ఒకచోట చదునవుతాయి. వారానికోసారైనా తిప్పు.

చూడటానికి వెళ్లే రోజు నాకు ఫోన్ చెయ్యి, అయస్కాంతం తీసుకుని నేనూ వస్తాను. బేరం నేనే ఆడతాను. ఆ ఎర్ర రంగు చూసి నీ ముఖం వెలిగిపోతే అమ్మేవాడు ఒక్క పైసా తగ్గించడు, కాబట్టి ఆ కాసేపు నువ్వు కారుకు దూరంగా నిలబడు.

ప్రేమతో,
అమ్మ