ఎఫ్‌టీ8 మొదలుపెట్టేవారు ముందు కొన్నాళ్లు వినాలి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

అమెచ్యూర్ రేడియో గురించి పత్రికల్లో ఏదైనా వచ్చిందంటే అది చాలావరకు విపత్తు వేళ ఫోన్లు మూగబోయినప్పుడు హామ్‌లు (అమెచ్యూర్ రేడియో ఆపరేటర్లు) చేసిన సేవ గురించే ఉంటుంది. అవి రావలసిన వార్తలే. కానీ గత కొన్నేళ్లలో ఈ అభిరుచి రూపురేఖలను మార్చిన డిజిటల్ మోడ్‌ల గురించి, అంటే కంప్యూటర్ సాయంతో రేడియోలో సందేశాలు పంపే పద్ధతుల గురించి, ముఖ్యంగా ఎఫ్‌టీ8 గురించి, తెలుగులో చదువుకోవడానికి దొరికేది బహు తక్కువ. కొత్తగా లైసెన్సు చేతికందినవారు నన్ను అడిగే మొదటి ప్రశ్న "ఏ సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి?" అని. ఆ ప్రశ్నకు జవాబు ఒక్క మాటలో అయిపోతుంది. వారు అడగకుండా వదిలేసే ప్రశ్నలే ఆ తర్వాత వారినీ, అదే బ్యాండ్‌లో (ఫ్రీక్వెన్సీల పట్టీలో) ఉన్న ఇతరులనూ ఇబ్బంది పెడుతున్నాయి కాబట్టి ఈ లేఖ రాస్తున్నాను.

ఎఫ్‌టీ8ను జో టేలర్, స్టీవ్ ఫ్రాంకీ రూపొందించారు. పేరులోని రెండు అక్షరాలూ వారి ఇంటిపేర్ల నుంచి వచ్చినవే, 8 అనేది అందులో వాడే స్వరాల సంఖ్య. జంట పల్సార్‌ను కనుగొన్నందుకు రస్సెల్ హల్స్‌తో కలిసి 1993లో భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్న టేలరే ఈ టేలర్. ఆకాశం నుంచి వచ్చే అతి బలహీనమైన సంకేతాలను రొదలోంచి వేరుచేయడంలో జీవితం గడిపిన మనిషి అదే విద్యను హామ్‌ల చేతికి ఇచ్చారని చెబితే, ఈ మోడ్ స్వభావం సగం చెప్పినట్టే. 2017 జులైలో డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో భాగంగా ఇది బయటికి వచ్చింది. అంతకుముందు ఇరవయ్యేళ్లుగా పీటర్ మార్టినెజ్ రూపొందించిన పీఎస్‌కే31 లాంటి మోడ్‌లు కీబోర్డు మీద తీరికగా కబుర్లు చెప్పుకునేవారికి ఉండేవి, ఇప్పటికీ ఉన్నాయి. ఎఫ్‌టీ8 ఉద్దేశం వేరు. చెవికి ఏమాత్రం వినిపించని సంకేతంతో, అతి తక్కువ మాటల్లో, ఒక సంభాషణను ఖరారుగా పూర్తిచేయడం దీని పని.

అది ఎలా సాధ్యమవుతుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొత్తవారు చేసే తప్పులన్నీ ఇది తెలియకపోవడం వల్లనే జరుగుతాయి. ప్రతి నిమిషాన్నీ 15 సెకన్ల చొప్పున నాలుగు వంతులుగా విడగొడతారు. ఒక వంతులో మీరు పంపుతారు, తర్వాతి వంతులో అవతలివారు పంపుతారు. పంపే సందేశం కేవలం 77 బిట్లు. అందులో ఒక్కో కాల్ సైన్‌కు (స్టేషన్ గుర్తింపు పేరుకు) 28 బిట్లు, మీరున్న గ్రిడ్ చదరానికి లేదా సిగ్నల్ రిపోర్టుకు (సంకేతం ఎంత బలంగా అందిందో చెప్పే అంకెకు) 15 బిట్లు పోతాయి. భూగోళాన్ని నాలుగు అక్షరాల గ్రిడ్ చదరాలుగా విడగొడితే మొత్తం 32,400 చదరాలు వస్తాయి, 15 బిట్లలో 32,768 విలువలు పడతాయి. ఆ రెండు సంఖ్యలూ అంత దగ్గరగా సరిపోవడం చూసినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది, ఎందుకంటే ఒక్క బిట్టును కూడా వృథా కానీయని పొదుపు అందులో కనిపిస్తుంది. ఈ 77 బిట్లకు తప్పులను పట్టే బిట్లు 14, తప్పులను సరిదిద్దే బిట్లు 83 చేర్చి మొత్తం 174 బిట్లుగా పంపుతారు. అంటే అసలు మాట కంటే దాని రక్షణకే ఎక్కువ బిట్లు ఖర్చవుతున్నాయన్న మాట. ఒక్కో స్వరం మూడు బిట్లను మోస్తుంది కాబట్టి 58 స్వరాలు కావాలి. మొదట్లో, మధ్యలో, చివర్లో ఏడేసి చొప్పున కాలాన్ని కుదుర్చుకోవడానికి పంపే గుర్తులు మరో 21 కలిపితే మొత్తం 79 అవుతాయి. ఒక్కోటి 0.16 సెకను చొప్పున ఇవన్నీ 12.64 సెకన్లలో ముగుస్తాయి. ఆ స్వరాలన్నీ కలిపి ఆక్రమించే వెడల్పు 50 హెర్ట్జ్ మాత్రమే, కాబట్టి ఒక మనిషి గొంతు పట్టే చోటులో పదుల కొద్దీ సంభాషణలు పక్కపక్కనే నడుస్తాయి. రొద బలంలో నూరోవంతు ఉన్న సంకేతాన్ని కూడా, అంటే సుమారు మైనస్ 20 డెసిబెల్ దగ్గర ఉన్నదాన్ని కూడా, ఇది చదవగలుగుతుంది. ఈ లెక్కకు 2,500 హెర్ట్జ్ వెడల్పులోని రొదను ప్రమాణంగా తీసుకుంటారు.

ఇందులో ముందుగా గ్రహించవలసింది గడియారం సంగతి. రెండు వైపులా కంప్యూటర్ గడియారాలు ఒకే కాలాన్ని చూపకపోతే ఇంత లెక్కా వృథా అవుతుంది. తేడా ఒక సెకను లోపు ఉండాలి, ఎంత తక్కువైతే అంత మంచిది. నేను మొదలుపెట్టిన రాత్రి గంటన్నర సేపు సీక్యూ అని, అంటే ఎవరైనా పలకండని, పిలుస్తూనే ఉన్నాను, ఒక్కరూ పలకలేదు. యాంటెన్నాను అనుమానించాను, కేబుల్‌ను అనుమానించాను, చివరికి కనెక్టర్ విప్పి మళ్లీ బిగించాను. జవాబు మాత్రం మొదటి నుంచీ తెర మీదే ఉంది. డీకోడ్ అయిన ప్రతి వరుసలో డీటీ (కాలంలో తేడా) అనే గడిలో మైనస్ 1.8 అనో మైనస్ 1.7 అనో అదే అంకె కనిపిస్తోంది. ఇరవై మంది ఒకేసారి ఒకే లెక్కన తొందరపడరు కదా, కాబట్టి వెనకబడింది నా గడియారమే. నా ప్రసారం అంతే ఆలస్యంగా మొదలై, అవతలివారి డీకోడర్ లెక్క ముగించే వేళకు అంచుమీద పడుతోంది. ఇంటర్నెట్ సమయంతో గడియారాన్ని సరిచేసిన రెండో నిమిషంలో మొదటి జవాబు వచ్చింది. ఆ గడిలోని అంకెలు సున్నాకు అటూ ఇటూ చెదిరి ఉంటే మీ గడియారం బాగున్నట్టు, అన్నీ ఒకే వైపు జరిగి ఉంటే సరిచేసుకోవలసింది మీరేనన్నట్టు. ఇంటర్నెట్ లేని చోట జీపీఎస్ రిసీవర్ ఆ పని చేస్తుంది.

రెండో సంగతి ఆడియో స్థాయి, ఇది గడియారం కంటే ముఖ్యమైనది. గడియారం తప్పితే నష్టం మీకు, ఆడియో మితిమీరితే నష్టం ఊరందరికీ. సాఫ్ట్‌వేర్ పుట్టించే స్వరం సౌండ్ కార్డు ద్వారా రిగ్‌లోకి, అంటే రేడియో సెట్‌లోకి, వెళ్తుంది. ఆ స్థాయి ఎక్కువైతే రిగ్‌లోని ఏఎల్‌సీ (పంపే బలాన్ని అదుపు చేసే వ్యవస్థ) అడ్డుపడి స్వరాన్ని వంచుతుంది, దాంతో అసలు స్వరానికి రెట్టింపు, మూడు రెట్ల దూరంలో దొంగ నకళ్లు పుడతాయి. 700 హెర్ట్జ్ దగ్గర పంపుతున్నవారి నకలు 1,400 దగ్గర, 2,100 దగ్గర కూడా వాటర్‌ఫాల్ (సంకేతాలను చూపే తెర) మీద గీతలుగా కనిపిస్తుంది, అక్కడ ఎవరో బలహీనమైన స్టేషన్ కోసం చెవులు రిక్కించి ఉంటారు. నాకు ఈ పాఠం ఒక అపరిచితుడు నేర్పారు. ఎఫ్‌టీ8లో స్వేచ్ఛగా రాసే సందేశానికి 13 అక్షరాలే చోటు. ఆయన నన్ను పిలిచి, ఖాళీతో కలిపి 12 అక్షరాల్లో ఆడియో తగ్గించమని ఇంగ్లిషులో రాశారు. అప్పటిదాకా ఏఎల్‌సీ ముల్లు కదలడం మంచి సూచనే అనుకుంటూ వచ్చాను. ఆ ముల్లు కదలనంత వరకు, లేదా అప్పుడే కదిలీ కదలనంత వరకు స్థాయిని తగ్గించాలన్నది చాలా రిగ్‌లకు వర్తించే మాట. పంపే స్వరం 1,500 నుంచి 2,000 హెర్ట్జ్ మధ్య ఉండేలా స్ప్లిట్ అమరికను ఎంచుకుంటే రెట్టింపు నకలు రిగ్ ఫిల్టర్ అవతల పడిపోతుంది. ఆ సౌకర్యం సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది, వాడేవారే తక్కువ. వినే వైపు అయితే, సంకేతాలేవీ లేనప్పుడు వట్టి రొదకు సాఫ్ట్‌వేర్‌లోని కొలబద్ద 30 డెసిబెల్ దగ్గర నిలిచేలా చూసుకుంటే చాలు.

పవర్ విషయంలో కూడా జాగ్రత్త పడాలి. గొంతుతో మాట్లాడేటప్పుడు రిగ్‌కు మాటకూ మాటకూ మధ్య ఊపిరి ఉంటుంది. ఇక్కడ 12.64 సెకన్ల పాటు తెరిపి లేకుండా పూర్తి బలం బయటికి వెళ్తుంది. సీక్యూ పిలుస్తూ కూర్చుంటే ప్రతి అరనిమిషంలో నలభై రెండు శాతం కాలం ట్రాన్స్‌మిట్‌లోనే గడుస్తుంది. కాబట్టి 100 వాట్ల రిగ్‌ను సగానికో అంతకంటే తక్కువకో దించి నడపడం రిగ్‌కు మంచిది, బ్యాండ్‌కు అంతకంటే మంచిది. పది వాట్లతో ఖండాలు దాటిన సంభాషణలు ఈ మోడ్‌లో ఏ వింతా కావు.

అందుకే నా మనవి ఏమిటంటే, కొత్తవారు మొదటి వారం ప్రసారం జోలికే పోకుండా వినాలి. రిగ్‌ను 14.074 మెగాహెర్ట్జ్ మీదో 7.074 మీదో పెట్టి, అప్పర్ సైడ్‌బ్యాండ్ ఎంచుకోవాలి. 7 మెగాహెర్ట్జ్‌లో గొంతుకు లోయర్ సైడ్‌బ్యాండ్ వాడే అలవాటు ఉన్నవారు ఇక్కడే పొరబడుతుంటారు, వాటర్‌ఫాల్ నిండా గీతలున్నా ఒక్క వరుసా డీకోడ్ కాకపోతే మొదట చూడవలసింది ఈ స్విచ్‌నే. విన్న స్టేషన్లను పీఎస్‌కే రిపోర్టర్ అనే వెబ్‌సైట్‌కు పంపే అమరికను కూడా అప్పుడే పెట్టుకుంటే, మీ యాంటెన్నా ఏ వేళకు ఏ దిక్కు వింటోందో పటం మీద చూసుకోవచ్చు. పొద్దున దగ్గరి స్టేషన్లు, చీకటి పడే వేళకు సముద్రాల అవతలివి, మధ్యరాత్రికి ఒక్కో బ్యాండ్ మూసుకుపోవడం, ఇవన్నీ పుస్తకంలో చదివినదాని కంటే ఆ వారంలో కళ్లారా చూసినప్పుడే మనసులో నిలుస్తాయి. సంభాషణ వరుస కూడా అలాగే పట్టుబడుతుంది. ఒకరు సీక్యూ అంటారు, మరొకరు తన గ్రిడ్‌తో పలుకుతారు, రిపోర్టు వెళ్తుంది, అందిందన్న గుర్తుతో తిరుగు రిపోర్టు వస్తుంది, ఆర్ఆర్73తోనో 73తోనో వీడ్కోలు చెప్పుకుంటారు. అంతా కలిపి ఒకటిన్నర నిమిషం.

ప్రసారం మొదలుపెట్టే రోజున ముందు మీ లైసెన్సు ఏ బ్యాండ్‌లో, ఏ మోడ్‌కు, ఎంత పవర్‌కు అనుమతిస్తోందో చూసుకోవాలి. ఆ తర్వాత వాటర్‌ఫాల్ మీద ఖాళీ చోటు ఎంచుకోవాలి. పిలిచినవారి చోటులోనే జవాబివ్వాలన్న నియమం లేదు, వేరే ఖాళీ చోటు నుంచి పలికినా వారికి వినపడుతుంది, పైగా ఒకే చోట పదిమంది ఒకరి మీద ఒకరు పడకుండా ఉంటుంది. మీరు పంపే వంతులో మీకు ఏమీ వినిపించదు కాబట్టి, అప్పుడప్పుడు ఒక వంతు ఆగి, ఆ చోటులో వేరెవరైనా చేరారేమో చూడడం మర్యాద. పాత సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టకూడదు. 77 బిట్ల పద్ధతి 2018 డిసెంబరులో 2.0 వెర్షన్‌తో వచ్చింది, అంతకుముందు వెర్షన్లకు నేటి సందేశాలు అర్థం కావు.

చివరగా, అనుభవజ్ఞులైన కొందరు పెద్దలు ఈ మోడ్ మీద చేసే విమర్శ గురించి చెప్పాలి. ఇందులో మాట్లాడుకునేది మనుషులు కాదు, కంప్యూటర్లని వారంటారు. మోర్స్‌ను చేత్తో కొట్టి, చెవితో విని నేర్చుకున్నవారి బాధ నాకు అర్థమవుతుంది. ఎఫ్‌టీ8లో ఎదుటివారి ఇంటి ముచ్చట తెలియదన్నది నిజం. ముచ్చట కావలసినవారికి పీఎస్‌కే31 ఉంది, ఎఫ్‌టీ8 పునాది మీదే 2018లో జోర్డన్ షెరర్ మొదలుపెట్టిన జేఎస్8కాల్‌లో కీబోర్డుతో కబుర్లు చెప్పుకోవచ్చు. కానీ అపార్ట్‌మెంట్ బాల్కనీలో గజం తీగ కట్టుకుని, చుట్టుపక్కల పరికరాల రొద మధ్య కూర్చున్నవారికి గొంతుతో వందల కిలోమీటర్లు దాటడమే కష్టం. అలాంటివారిని సముద్రాలు దాటిస్తున్న మోడ్‌ను రేడియో కాదనడం న్యాయం కాదు. అయితే వారి మాటలో నేను పూర్తిగా ఒప్పుకునే భాగం ఒకటుంది. సాఫ్ట్‌వేర్‌ను అదనపు హంగులతో మనిషి లేకుండా నడవనిచ్చి, తాను నిద్రపోతూ లాగ్‌బుక్ నింపుకునేవారు చేస్తున్నది సంభాషణ కాదు. డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్‌లో వాచ్‌డాగ్ అనే కాపలా, ఎవరూ ముట్టుకోకపోతే కొద్ది నిమిషాలకు ప్రసారాన్ని ఆపేసేలా పెట్టింది ఇందుకే. దాన్ని తీసేసుకోవద్దని కొత్తవారిని కోరుతున్నాను.

మీ పత్రిక శాస్త్ర సాంకేతిక పేజీలో ఈ మోడ్‌ను ఒక్కసారి బొమ్మతో సహా పరిచయం చేయవలసిందిగా అభ్యర్థిస్తున్నాను. ఒక నిమిషాన్ని నాలుగు వంతులుగా గీసి, ఏ వంతులో ఎవరు పంపుతారో, ఏ వంతులో ఎవరు వింటారో చూపే ఒక్క పటం ఉంటే చాలు. నేను అర్థం చేసుకోవడానికి ఒక రాత్రంతా పట్టిన విషయం ఆ పటం చూసినవారికి ఐదు నిమిషాల్లో తెలుస్తుంది.

ఇట్లు,
ఒక అమెచ్యూర్ రేడియో ఆపరేటర్